ఎలుకకు తగ్గిన జబ్బు, తమ్ముడు మానేసిన మాత్ర

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం. తారీఖులు, రిపోర్టుల్లోని అంకెలు, తమ్ముడితో జరిగిన మాటామాటా అన్నీ రాశారు. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కుదించి ఇస్తున్నాను.

తమ్ముడికి 31 ఏళ్లు. నాలుగేళ్ల కిందట రక్తదానానికి వెళ్తే హెపటైటిస్ బి ఉందని తేలింది. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) బాగా ఎక్కువ, లివర్ దెబ్బతింటోందని చెప్పే ఎస్‌జిపిటి కూడా పెరిగింది. లివర్ స్కాన్ చూసి, "కొంత గట్టిపడింది, సిరోసిస్ దాకా పోలేదు" అన్నారు డాక్టర్. అప్పటినుంచి రోజుకొక టెనోఫోవిర్ మాత్ర. ఏడాది తిరిగేసరికి వైరస్ రక్తంలో కనబడనంతగా తగ్గింది, ఎస్‌జిపిటి మామూలుకు వచ్చింది. అంతా బాగానే ఉందనుకున్నారు.

కొన్ని నెలలుగా అతను పరిశోధన పత్రాలు చదువుతున్నాడు. ఫలానా మందుతో ఎలుకల్లో సర్ఫేస్ యాంటిజెన్ (రక్తంలో కనబడితే జబ్బు ఉన్నట్టు చెప్పే వైరస్ పైపొర ప్రొటీన్) పూర్తిగా పోయిందని ఒకదాంట్లో ఉంది. ఉడ్‌చక్ అనే జంతువుల్లో జబ్బు నయమైందని ఇంకోదాంట్లో ఉంది. గత వారం అతని బీరువా సర్దుతుంటే సీలు తీయని మాత్రల డబ్బాలు రెండు అక్క చేతికి దొరికాయి. నిలదీస్తే, మానేసి ఏడు వారాలైందని ఒప్పుకున్నాడు. "అక్కా, జంతువుల్లో నయమైపోయింది. రెండేళ్లలో మనుషులకీ వచ్చేస్తుంది. అప్పటిదాకా కిడ్నీలు పాడుచేసే ఈ మాత్ర ఎందుకు మింగాలి? మందు ఆపితే ఒంట్లో నిరోధక శక్తి దానంతటదే లేచి వైరస్‌ను తరిమేస్తుందని కూడా రాశారు" అన్నాడట. బదులుగా నేల ఉసిరి గుళికలు వేసుకుంటున్నాడు. దానికీ ఉడ్‌చక్‌ల మీద చేసిన పరిశోధననే చూపించాడు. అమ్మానాన్నలకు చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. తనకు ఇష్టమైన అమ్మాయి ఒకరు ఉన్నారనీ, ఆమెకు ఈ జబ్బు సంగతి ఇంకా తెలియదనీ కూడా ఆ మాటల మధ్యే బయటపడింది.

ఆమె అడిగినవి ఇవి: "వాడు చెప్పేదాంట్లో నిజమెంత? అంత చదివినవాడితో వాదించే శక్తి నాకు లేదు. ఒట్టు తప్పి ఇంట్లో చెప్పేయాలా? చెప్పకుండా ఊరుకుంటే, రేపు ఏదైనా జరిగితే ఆ పాపం నాదేనా?"

అమ్మా,

మిగతా జవాబు నిదానంగా చదవండి గానీ, ఒక పనికి మాత్రం ఈ వారం దాటకూడదు. మీ తమ్ముడు రక్త పరీక్ష చేయించుకోవాలి. ఎస్‌జిపిటి, కామెర్లను చూపే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్, వైరల్ లోడ్. మొదటికి ఈ నాలుగూ చాలు. టెనోఫోవిర్ మానేసిన చాలామందిలో వైరస్ మొదటి కొన్ని నెలల్లోనే మళ్లీ రక్తంలోకి వస్తుంది. వచ్చిన వెంటనే ఒంట్లో ఏమీ తెలియదు. "నేను బాగానే ఉన్నాను" అని అతను అంటే అది నిజమే కావచ్చు, లివర్ లోపల వేడి రాజుకుంటున్నా మనిషికి బాగానే ఉంటుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, ఆగని వాంతులైనా, మాటలో మగతగానీ తికమకగానీ కనిపించినా ఇక పరీక్షలూ చర్చలూ లేవు, అదే గంటలో ఆసుపత్రి. అప్పుడు ఒట్టు గురించి ఆలోచించకండి.

ఇక అతని వాదన. "అదంతా అబద్ధం" అని మీరు అనకండి. అతను చదివిన పత్రాలు నిజమైనవే అయ్యుంటాయి. ఎలుకకు తగ్గిన మాట కూడా నిజమే. అయితే ఆ ఎలుకకు తగ్గిన జబ్బు మీ తమ్ముడి జబ్బేనా అన్నది పేపరు శీర్షిక చదివితే తెలియదు.

హెపటైటిస్ బి వైరస్ మామూలు ఎలుకకు సోకదు. మనిషి లివర్ కణం మీద ఎన్‌టిసిపి అనే ప్రొటీన్ ఒకటుంది, పిత్త లవణాలను లోపలికి చేరవేయడం దాని పని. వైరస్ ఆ గుమ్మం గుండానే కణంలోకి దూరుతుంది. ఈ సంగతి 2012లో బయటపడింది. పట్టిచ్చింది కూడా ఒక జంతువే. చూడ్డానికి ఉడతలా ఉండే ట్రీ ష్రూ లివర్ కణాలకు ఈ వైరస్ సోకుతుంది కాబట్టి, ఆ కణాల మీద వెతికి పట్టుకున్నారు. ఎలుకకూ ఎన్‌టిసిపి ఉంది గానీ దాని ఆకారం కొంచెం తేడా, వైరస్ అతుక్కోదు. మనిషి ఎన్‌టిసిపిని ఎలుక కణాలకు పెట్టి చూసినా హెపటైటిస్ బి సరిగ్గా వేళ్లూనుకోలేదు, లోపల ఇంకా అడ్డంకులున్నాయి.

అందుకని పరిశోధకులు దొడ్డిదారులు వెతికారు. ఒక రకం ఎలుకలకు పుట్టుకతోనే వైరస్ జన్యువును క్రోమోజోముల్లో చేర్చారు. వాటి లివర్‌లో ప్రతి కణమూ వైరస్‌ను తయారుచేస్తుంది. కానీ ఆ ఎలుక ఒంటికి వైరస్ పరాయిది కాదు, పుట్టినప్పటినుంచీ సొంతదే. అందుకే దానికి జబ్బు చేయదు. ఇంకో రకంలో ఏఏవి అనే వేరే వైరస్ వీపు మీద హెపటైటిస్ బి జన్యువును ఎక్కించి లివర్‌లోకి పంపుతారు. మూడో రకంలో నిరోధక శక్తి దాదాపు లేని ఎలుకను తీసుకుని, దాని లివర్ కణాలను చంపి, ఆ చోట మనిషి లివర్ కణాలను పెంచుతారు. దీనికి అసలైన హెపటైటిస్ బి సోకుతుంది, వైరస్ మీద నేరుగా పనిచేసే మందును పరీక్షించడానికి చాలా మంచిది. కానీ "నిరోధక శక్తి లేచి వైరస్‌ను తరిమేస్తుంది" అన్న మాటను ఇందులో పరీక్షించలేరు, లేవడానికి అందులో నిరోధక శక్తే లేదు.

మీ తమ్ముడి ఒంట్లో ఉన్న చిక్కేమిటంటే, వైరస్ తన డిఎన్ఏను ఒక చిన్న మూసిన ఉంగరంలా చుట్టి లివర్ కణం కేంద్రకంలో దాచుకుంటుంది. సిసిసి డిఎన్ఏ అంటారు. అది మొక్క వేరు లాంటిది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మందులు వైరస్ కొత్త నకళ్లు తీయకుండా అడ్డుకుంటాయి, అంటే పైకొచ్చే చిగురును ఎప్పటికప్పుడు తుంచుతాయి. వేరు అక్కడే ఉంటుంది. తుంచడం ఆపితే మళ్లీ మొలుస్తుంది. నేను చెప్పిన ఎలుకల్లో మొదటి రకానికి అసలు ఈ వేరే లేదు. రెండో రకంలో ఉన్నా, సహజంగా సోకిన జబ్బులో ఏర్పడినట్టు ఏర్పడింది కాదు. కాబట్టి "ఎలుకలో సర్ఫేస్ యాంటిజెన్ పోయింది" అని చదివినప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఏ ఎలుక? దాని లివర్‌లో వేరు ఉందా? మందు ఆపాక ఎన్ని నెలలు కాపలా కాశారు? ఈ మూడూ మీ తమ్ముణ్నే వెతికి చెప్పమనండి. వాదించే శక్తి లేదన్నారు కదా, వాదించనక్కర్లేదు, అడిగితే చాలు. జవాబులు అతను చదివిన పత్రంలోనే, పద్ధతులు రాసిన భాగంలో ఉంటాయి.

ఉడ్‌చక్ సంగతి వేరు. దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. ఇది ఉత్తర అమెరికాలో బొరియల్లో బతికే, ఉడత కుటుంబానికి చెందిన బరువైన జంతువు. ఫిలడెల్ఫియా జూలో ఉన్న ఉడ్‌చక్‌లు లివర్ క్యాన్సర్‌తో చనిపోతుంటే వెతికి, 1978లో వాటిలో హెపటైటిస్ బికి దగ్గరి చుట్టమైన వైరస్‌ను కనుక్కున్నారు. రెండేళ్లకు బాతుల్లో ఇంకో చుట్టం దొరికింది. ఈ వైరస్ ఆర్ఎన్ఏ నుంచి డిఎన్ఏను వెనక్కి రాసుకుని పెరుగుతుందని 1982లో తెలిసింది బాతు వైరస్ వల్లే. అతని మాత్ర అడ్డుకునేది సరిగ్గా ఆ రాతపనినే. ఉడ్‌చక్‌లో వేరు కూడా ఉంటుంది, నిరోధక శక్తీ మామూలుగా ఉంటుంది. పుట్టిన కొత్తలో సోకితే జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే ఎక్కువగా దానంతటదే పోతుంది. మనుషుల్లోనూ అంతే. దీర్ఘకాలం వైరస్ ఉన్న ఉడ్‌చక్‌లలో దాదాపు అన్నిటికీ రెండు నుంచి నాలుగేళ్లలో లివర్ క్యాన్సర్ వస్తుంది.

ఆ జంతువుల మీదే ఎంటెకావిర్‌ను పరీక్షించారు. మొదట రోజూ, తర్వాత వారానికొకసారి, కొన్నిటికి 14 నెలలు, కొన్నిటికి మూడేళ్ల దాకా ఇచ్చి చూశారు. మందు తీసుకున్నవి ఎక్కువ కాలం బతికాయి, క్యాన్సర్ ఆలస్యమైంది. 14 నెలలకు ఆపేసిన వాటిలో కొన్నిట్లో వైరస్ తిరిగి లేచింది. ఈ ఫలితాలు 2001లో వచ్చాయి. అమెరికాలో ఎంటెకావిర్‌కు అనుమతి దొరికింది 2005లో. ఈ ఒక్క ప్రయోగాన్ని మీ తమ్ముడు శ్రద్ధగా చదివితే చాలనిపిస్తుంది నాకు. రోజూ వేసుకునే మాత్ర క్యాన్సర్‌ను దూరం జరుపుతుందనే నమ్మకానికి పునాదుల్లో అది ఒకటి. జంతువుల మాట వినాలనుకుంటే, అవి ఇంత స్పష్టంగా చెప్పిన మాట ఇంకోటి లేదు: మందు ఆపకు అని.

అతను చూపించింది మాత్రం బహుశా జిఎస్-9620 అనే మందు గురించి అయ్యుండాలి, "ఉడ్‌చక్‌లలో నయమైంది" అనే మాట ఎక్కువగా వినిపించేది దానితోనే. నిరోధక శక్తిని తట్టిలేపే మాత్ర అది. 2013లో చింపాంజీలలో వైరస్‌ను వంద రెట్లకు పైగా తగ్గించింది. 2015లో ప్రచురించిన ఉడ్‌చక్ ప్రయోగం ఇంకా గొప్పగా ఉంది: కొన్ని వారాల మందుతోనే కొన్ని జంతువుల్లో సర్ఫేస్ యాంటిజెన్ పోయి, ఆపాక కూడా తిరిగి రాలేదు, క్యాన్సర్లూ తగ్గాయి. ఆ పేపరు చదివిన ఏ రోగికైనా గుండె ఎగరాల్సిందే, మీ తమ్ముడి తప్పేం లేదు. తర్వాత మనుషులకు ఇచ్చి చూశారు. పెద్ద హాని జరగలేదు. సర్ఫేస్ యాంటిజెన్ మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆ పరీక్షలు 2018కల్లా వచ్చేశాయి. ఉడ్‌చక్ పేపరు ఇప్పటికీ అలాగే ఉంది, చదివినవాళ్లకు ఆశ పుట్టిస్తూనే ఉంటుంది. దాని పక్కన ఈ రెండో పేపరు పెట్టి చదవాలని ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంకో సంఘటన కూడా అతనికి తెలియాలి. ఇది చెప్పడం నాకు బాధగానే ఉంటుంది. ఫియాలురిడిన్ అనే మందు 1990ల మొదట్లో హెపటైటిస్ బికి గొప్పగా పనిచేస్తుందని అనిపించింది. చుంచులు, ఎలుకలు, కుక్కలు, కోతుల మీద చేసిన పరీక్షల్లో రాబోయే ప్రమాదం కనబడలేదు. 1993లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 15 మందికి ఇచ్చారు. వారాలు గడిచాక ఏడుగురికి లివర్ కూలిపోవడం మొదలైంది. మందు ఆపినా ఆగలేదు. అయిదుగురు చనిపోయారు, ఇద్దరు లివర్ మార్పిడితో బతికారు. ఆ మందు కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలోకి దూరి, వాటి డిఎన్ఏలో చేరిపోయి, మెల్లగా చంపింది. దాన్ని లోపలికి మోసుకెళ్లే వాహకం మనిషి మైటోకాండ్రియాకు ఉంది, ఎలుకకు లేదు. ఆ తర్వాత ఉడ్‌చక్‌లకు ఎక్కువ వారాల పాటు ఇచ్చి చూస్తే వాటికీ అదే గతి పట్టింది. మనిషి లివర్ కణాలున్న ఎలుకల్లో 2014లో చూస్తే కొద్ది రోజుల్లోనే విషం బయటపడింది. అంటే సరైన జంతువు, సరైనంత కాలం దొరికితే తెలిసేది. అప్పట్లో దొరకలేదు. ఎలుక నుంచి మనిషికి రావడానికి అన్నేళ్లు ఎందుకు పడుతుందని మీ తమ్ముడు విసుక్కుంటే, ఆ అయిదుగురి సంగతి చెప్పండి.

నేల ఉసిరి కూడా ఇదే దారిలో వచ్చింది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుక్కుని నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ బృందమే 1987లో, ఆ మొక్క సారం ఉడ్‌చక్‌లలో వైరస్‌ను తగ్గించిందని ప్రకటించింది. మరుసటి ఏడు మద్రాసు పరిశోధకులు మనుషుల మీద ఫలితం ఇచ్చారు: మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి సర్ఫేస్ యాంటిజెన్ పోయింది, తీసుకోని 23 మందిలో ఒక్కరికే. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరే చోట్ల మళ్లీ చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు, బాతుల్లోనూ వైరస్ తగ్గలేదు. పరిశోధకులు మోసం చేశారని కాదు. మళ్లీ చేస్తే నిలబడని ఫలితం మీద లివర్‌ను తాకట్టు పెట్టకూడదు, అంతే. ఆ గుళికలు వేసుకుంటున్న సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. రేపు ఎస్‌జిపిటి పెరిగితే కారణం వైరసా, గుళికల్లోని ఇంకేదైనానా అన్నది తేల్చుకోవాలి కదా.

మందు ఆపితే నిరోధక శక్తి లేస్తుందన్న మాట గురించి. ఇది కూడా గాలిలోంచి పుట్టింది కాదు. ఇ-యాంటిజెన్ (వైరస్ జోరుగా పెరుగుతున్నప్పుడు ఎక్కువగా కనబడే దాని ఇంకో ప్రొటీన్) నెగటివ్‌గా ఉండి, మూడేళ్లకు పైగా వైరస్ కనబడకుండా ఉండి, సిరోసిస్ లేని కొందరిలో, దగ్గరుండి కనిపెట్టుకోగలిగితే మందు ఆపి చూడొచ్చని యూరప్ కాలేయ నిపుణుల 2017 మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. ఆపినవారిలో కొందరికి నిజంగానే సర్ఫేస్ యాంటిజెన్ పోతుంది. చాలామందికి వైరస్ తిరిగొస్తుంది. కొందరికి లివర్ ఒక్కసారిగా రేగుతుంది, ఫ్లేర్ అంటారు. ఆ రేగినప్పుడు ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే టెనోఫోవిర్, ఎంటెకావిర్ డబ్బాల్లో పెట్టే కాగితం మీద, అమెరికా ఔషధ సంస్థ పట్టుబట్టి, నల్లగీతల పెట్టెలో ఈ హెచ్చరికే అచ్చు వేయించింది. పరిశోధనలో మందు ఆపడమంటే తరచూ రక్తం తీసి చూస్తూ, అంకె గీత దాటగానే మందు మళ్లీ మొదలుపెట్టడం. మీ తమ్ముడు అందులోంచి ఆపడం ఒక్కటే తీసుకున్నాడు, చూడటాన్ని వదిలేశాడు. పైగా అతని లివర్ నాలుగేళ్ల కిందటే కొంత గట్టిపడి ఉంది. ఇలాంటివారి విషయంలో నాకు తెలిసిన డాక్టర్లెవరూ ధైర్యం చేయరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఏది తొక్కాలో మీరే నిర్ణయించుకోండి, అతన్ని నాకన్నా మీరెరుగుదురు.

మొదటిది, అతన్ని ఒప్పించి పరీక్షకు తీసుకెళ్లడం. మందు సంగతి తర్వాత, ముందు అంకెలు చూద్దాం అనడం. దీనికి అతను ఒప్పుకునే వీలెక్కువ, ఎందుకంటే తన నమ్మకాన్ని వదులుకోమని మీరు అడగడం లేదు. అంకెలు బాగుంటే, "చూశావా అక్కా, ఏమీ కాలేదు" అంటాడు. దానికి సిద్ధంగా ఉండండి. ఏడు వారాల అంకె ఇరవయ్యో వారానికి పూచీ కాదు. అప్పుడు రెండు మాటల్లో ఒకటి అతని చేత ఒప్పించాలి: మళ్లీ మొదలుపెట్టడం, లేదంటే డాక్టర్ చెప్పిన గడువుల ప్రకారం మానకుండా పరీక్షలు. అంకెలు పెరిగి ఉంటే డాక్టరే మందు మొదలుపెట్టిస్తారు. భయపడకండి, మధ్యలో మానినంత మాత్రాన టెనోఫోవిర్ పనిచేయకుండా పోదు. దానికి లొంగని వైరస్ చాలా చాలా అరుదు.

రెండోది, మీరే డాక్టర్ దగ్గరకెళ్లి చెప్పడం. అతని అనుమతి లేకుండా డాక్టర్ మీకు అతని వివరాలు చెప్పకపోవచ్చు. వినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. "చెకప్‌కు రండి" అని అటునుంచి ఒక ఫోన్ వస్తే చాలాసార్లు పని జరుగుతుంది. ఎవరు చెప్పారో తెలిస్తే అతను మీ మీద కోపగించుకుంటాడు. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ నష్టం భరించగలిగినదే అని నా అభిప్రాయం.

మూడోది, అమ్మానాన్నలకు చెప్పడం. దీన్ని నేను చివరికి ఉంచుతాను. ముప్పై దాటిన మనిషి తన జబ్బు ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు అతనిదే. అదీగాక, ఇంట్లో ఏడుపులు మొదలైతే అతను మాత్ర వేసుకున్నట్టు నటించడం నేర్చుకుంటాడు. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. ఇప్పుడు కనీసం మీకు నిజం చెబుతున్నాడు. అది తెగకుండా చూసుకోవడం చాలా విలువైన పని. అయితే ఒట్టుకు ఒక హద్దు పెట్టండి, అదీ ఇవాళే, అతని ముఖం మీదే: "నీ రహస్యం దాస్తాను. కానీ ఈ వారంలో పరీక్ష చేయించుకోకపోతే డాక్టర్‌కు చెబుతాను. కళ్లు పచ్చబడితే ఎవరికైనా చెబుతాను." ముందే చెప్పి చేసిన పని ఒట్టు తప్పడం కాదు. పాపం నాదేనా అని అడిగారు. కాదు. అతను పెద్దవాడు. మీ వంతు పని అతని ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పడం వరకు.

కిడ్నీల భయం గురించి కూడా డాక్టర్‌తోనే మాట్లాడించండి. పాత రకం టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద, ఎముకల మీద ప్రభావం చూపే మాట నిజం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ ఉంటే ముందే తెలుస్తుంది. అవసరమైతే టెనోఫోవిర్‌లోనే కిడ్నీల మీద భారం తక్కువగా ఉండే అలాఫెనమైడ్ రకానికో, ఎంటెకావిర్‌కో మార్చవచ్చు. మాత్ర మీద అసంతృప్తి ఉంటే మాత్ర మార్చుకునే దారి ఉంది.

కొత్త మందుల ఆశను మాత్రం అతని నుంచి లాగేయకండి. అది ఉత్త భ్రమ కాదు. బెపిరోవిర్సెన్ అనే సూదిమందు మనుషుల మీద చేసిన పరీక్షలో, 24 వారాలు వేశాక, దాదాపు పదిమందిలో ఒకరికి సర్ఫేస్ యాంటిజెన్, వైరస్ రెండూ పోయి, మరో 24 వారాల దాకా తిరిగి రాలేదు. 2022లో వచ్చిన ఫలితం ఇది. దాంట్లో మీ తమ్ముడికి పనికొచ్చే వివరం ఒకటుంది: అప్పటికే మాత్రల మీద ఉన్నవాళ్లు ఆ మాత్రలు మానకుండానే సూదులు వేయించుకున్నారు. కొత్త మందు కోసం ఎదురుచూడటానికి పాత మందు మానడం అవసరం లేదు. చెప్పాలంటే, లివర్‌ను బాగా ఉంచుకున్నవాడికే కొత్త మందు పరీక్షల్లో చోటు దొరికే వీలుంటుంది. రేగిన లివర్‌తో, సిరోసిస్‌తో వెళ్తే చాలా పరీక్షలు గుమ్మంలోనే వద్దంటాయి. క్లినికల్ ట్రయల్స్ గురించి డాక్టర్‌ను అడగమనండి. అతనిలాంటి చదివే మనిషికి అది మంచి దారి.

ఇక ఆ అమ్మాయి సంగతి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యం ఆమె గురించి. నాకు మాత్రం మొత్తం ఉత్తరం అక్కడే ముడిపడి ఉందనిపించింది. నాలుగేళ్లు మాట లేకుండా మాత్ర వేసుకున్నవాడు ఇప్పుడే ఎందుకు మానాడు? "నాకు జబ్బు ఉంది" అని చెప్పాల్సిన రోజు దగ్గర పడుతోంది, దానికి బదులు "ఒకప్పుడు ఉండేది, తగ్గిపోయింది" అని చెప్పాలని అతని కోరిక కావచ్చు. నా ఊహ తప్పైతే క్షమించండి. ఒప్పైతే, ఎలుకల గురించి ఎంత మాట్లాడినా అతనికి చేరదు. అతనికి చేరాల్సినది ఇది: ఈ జబ్బు ఉన్నవాళ్లు ప్రపంచంలో 25 కోట్లకు పైగా ఉన్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. ఆమె పరీక్ష చేయించుకుని, మూడు మోతాదుల టీకా వేయించుకుని, రక్తంలో యాంటీబాడీ వచ్చిందని చూసుకుంటే ఆమెకు రక్షణ దొరికినట్టే. కలిసి తినడం వల్ల, కౌగిలింత వల్ల ఇది రాదు. దాచిపెట్టి, మందు మానేసి, వైరస్ ఎక్కువగా ఉన్న రోజుల్లో దగ్గరైతేనే ఆమెకు ప్రమాదం. మాత్ర వేసుకుంటూ నిజం చెప్పే మనిషితో ఆమెకు భయం చాలా తక్కువ. ఈ మాట మీ నోటినుంచి రావాలి, అక్కగా. నిరాకరిస్తుందేమోనని అతనికి భయం ఉంటుంది. నిరాకరించవచ్చు కూడా, ఆ అవకాశం లేదని నేను అనను. చెప్పేటప్పుడు పక్కన ఉంటానని అనండి.

చివరిగా మీ గురించి. ఇంత పెద్ద ఉత్తరంలో మీరు పరీక్ష చేయించుకున్నట్టు ఎక్కడా లేదు. పెద్దయ్యాక సోకినది నూటికి అయిదుగురిలో కూడా నిలవదు. నిలిచిపోయేది ఎక్కువగా పుట్టినప్పుడో, పసితనంలోనో సోకినది. కాబట్టి తోడబుట్టినవాళ్లందరూ, అమ్మ కూడా, చూపించుకోవాలి. హెచ్‌బిఎస్ఏజి (అంటే సర్ఫేస్ యాంటిజెన్), యాంటీ-హెచ్‌బిఎస్, యాంటీ-హెచ్‌బిసి అని మూడు పరీక్షలు రాయించుకోండి. జబ్బూ రక్షణా రెండూ లేకపోతే టీకా, జబ్బు ఉంటే మీ తమ్ముడికి చూసే డాక్టరే. అతన్ని ల్యాబ్‌కు రమ్మని ఎలా పిలవాలా అని మీకు తికమకగా ఉండొచ్చు. "నాకూ పరీక్ష చేయించుకోవాలి, ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది, తోడు రారా" అని పిలవండి.